రాతకూలి నుంచి కమీషను దాకా

ఎకనామిక్స్ చదువుతూ సాయంత్రాలు ఫైనాన్స్ పని చేసుకోవడం ఈ తరం పిల్లలు మొదలుపెట్టిన అలవాటని చాలామంది అనుకుంటారు. పొద్దున కాలేజీలో గిరాకీ, సరఫరా గీతలు గీసి, సాయంత్రం ఎవరికో బీమా పాలసీ కట్టించడమో, చీటీల లెక్క రాసిపెట్టడమో చేస్తారు. బెంగాల్లోని ఖరగ్‌పూర్ లాంటి రైల్వే ఊరి చరిత్రను దగ్గర్నుంచి చూస్తే ఈ అలవాటు చాలా పాతదని తెలుస్తుంది. అలాంటి ఊళ్లో డబ్బు వ్యవహారం మొదటినుంచీ ఇంకో పని చేసుకుంటూ చేసే పనిగానే నడిచింది. దానికి కారణం జీతాల తేదీ. పల్లెలో డబ్బు పంటతో వస్తుంది, బజారులో రోజూ చేతులు మారుతుంది. రైల్వే కాలనీలోనూ, దాన్ని ఆనుకుని పెరిగిన మలంచా లాంటి పేటల్లోనూ నెలకోసారి, ఒక్క గుమ్మంలోంచి, అందరికీ ఇంచుమించు ఒకేసారి వచ్చేది. వచ్చిన నాలుగైదు రోజుల్లో అప్పు మీద వడ్డీ, కిరాణా బాకీ, చీటీ వాయిదా, ఊరికి పంపే మనియార్డరు అన్నీ తేలిపోవాల్సి వచ్చేది. మిగతా నెలంతా రాయడానికి పెద్ద లెక్కేమీ ఉండేది కాదు. నెలలో అయిదు రోజుల పని కోసం గుమస్తాను ఎవరు పెట్టుకుంటారు? నాలుగు అక్షరాలు వచ్చి, సాయంత్రాలు ఖాళీగా ఉన్నవాడే దానికి సరిపోతాడు. కాబట్టి చదువుకునేవాడు ఈ పని చేయవచ్చా అనే ప్రశ్న దగ్గర ఆగిపోవడంలో అర్థం లేదు. అతనికి డబ్బు దేనికి ఇచ్చారన్నది అసలు ప్రశ్న. లెక్క సరిగ్గా రాసినందుకా, ఎదుటివాడి చేత డబ్బు కట్టించినందుకా? మొదటిది రాతకూలి, రెండోది కమీషను. ఈ ఊరి నూట ఇరవై ఏళ్ల కథలో రాతకూలి చోటును కమీషను మెల్లమెల్లగా ఆక్రమించింది. నా ఉద్దేశంలో చదువుకునేవాడి చదువుకు దెబ్బ తగిలింది అక్కడే.

ఖరగ్‌పూర్ అనగానే బయటివాళ్లకు 1951లో హిజ్లీలో మొదలైన ఐఐటీ గుర్తుకొస్తుంది. ఊరు మాత్రం రైలు కట్టిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, మనవాళ్ల నోట్లో బీఎన్నార్, 1900లో ఖరగ్‌పూర్ మీదుగా హౌరాను అందుకుంది. 1902లో కటక్ నుంచి వాల్తేరు వైపు వచ్చే తూర్పుకోస్తా లైను కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. 1904లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు వెలిసింది. ఈ చివరి మూడు తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే అక్కడికి తెలుగువాళ్లు ఎలా చేరారో వేరే చెప్పనక్కర్లేదు. అప్పటి మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం, గంజాం జిల్లాల మనిషికి ఇంటి దగ్గరి స్టేషన్‌లో ఎక్కిన రైలు, దిగిన చోట దొరికే కొలువు, నెల చివర అందే జీతం, మూడూ ఒకే కంపెనీవి అయ్యాయి. ఈనాడు మనం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలని పిలిచే నేల నుంచి వెళ్లినవాళ్లే అందులో ఎక్కువ. వాళ్ల సంతతి అక్కడ ఎంత వేళ్లూనుకుందంటే, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు అందరి చూపూ ముందు ఖరగ్‌పూర్ మీదే పడింది.

అలా వెళ్లినవాడికి కంపెనీ జీతమిచ్చింది గానీ మొదటి నెల గడిచేదెలాగో చెప్పలేదు. అప్పు అక్కడే పుట్టింది. 1929లో నియమించిన రాయల్ లేబర్ కమిషన్, అందరూ విట్లీ కమిషన్ అనేది, 1931లో ఇచ్చిన నివేదికలో దేశంలోని పారిశ్రామిక కేంద్రాల గురించి ఒక అంచనా వేసింది. మూడింట రెండు వంతుల కుటుంబాలకు తక్కువ కాకుండా అప్పుల్లో ఉన్నాయని, చాలామంది అప్పు మూడు నెలల జీతాన్ని దాటిపోయిందని, రూపాయికి నెలకు అణా వడ్డీ మామూలు రేటని చెప్పింది. అణా వడ్డీ అంటే చెవికి చిన్నగా వినిపిస్తుంది. మన లెక్కలో పెడితే నూటికి నెలకు ఆరు రూపాయల పావలా, ఏడాదికి 75 రూపాయలు. ముప్ఫై రూపాయలు తెచ్చుకున్నవాడు నెలనెలా రూపాయి పద్నాలుగణాలు వడ్డీకే కడితే, ఏడాది తిరిగేసరికి ఇరవై రెండున్నర రూపాయలు పోసి ఉంటాడు, అసలు ముప్ఫై అలాగే కూర్చుని ఉంటుంది. వేలిముద్ర వేసి జీతం తీసుకునే మనిషి ఈ కూడిక వేసుకోలేడు. వేసి చూపించగల మనిషి, అంటే బడికి వెళ్లిన కుర్రాడు, ఆ వీధిలో ఒక్కడున్నా అతనికి విలువ ఉంటుంది. రాతకూలి పుట్టుక అదే. మనియార్డరు ఫారం అడుగున చించి ఇచ్చే చిన్న కూపను ఉండేది, నాలుగు మాటలు రాసుకోవడానికి. ఆ జానెడు జాగాలో ఎంత పంపుతున్నదీ, అందులో షావుకారుకు ఎంత, ఇంటికి ఎంత, వచ్చే నెల ఎందుకు తగ్గుతుందన్నదీ ఇరికించాలి. ఆ కూపను ఒక కుటుంబం నెల బడ్జెట్. దాన్ని రాసిపెట్టినవాడు ఎవరి ఇంటి జమాఖర్చు ఎలా ఉందో ఎరిగినవాడు. అందుకు అతనికి ముట్టింది ఒక అణానో, ఒక కప్పు టీయో కావచ్చు. కానీ అది రాత సరిగ్గా ఉన్నందుకు ముట్టింది.

ఆ పనికే పెద్ద రూపం సహకార సంఘం. 1904, 1912 సహకార చట్టాల కింద దేశమంతటా పుట్టిన పరపతి సంఘాల వరుసలోనే బీఎన్నార్ ఉద్యోగుల అర్బన్ బ్యాంకు కూడా నిలబడింది. తోటి ఉద్యోగి జామీను మీద అప్పు, వాయిదా నేరుగా జీతంలోంచి కోత. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం రెండు పనులు చేసింది. వెయ్యిమందికి తక్కువ పనిచేసే చోట 7వ తేదీలోగా, మిగతా చోట్ల 10వ తేదీలోగా జీతం చేతికి రావాలంది. జీతంలోంచి ఏవేవి కోయవచ్చో జాబితా వేసి, అందులో సహకార సంఘానికి కట్టాల్సిన వాయిదాను చేర్చింది. వడ్డీ వ్యాపారికి ఆ జాబితాలో చోటివ్వలేదు. ఈ చిన్న మాట వల్ల సహకార సంఘం లెక్క అప్పులవాడి చిట్టా కంటే ముందు వరసలోకి వచ్చింది. ఇలాంటి సంఘాలు దేశంలో ఎక్కడ చూసినా గౌరవ కార్యదర్శుల మీద, పొద్దుపోయాక కూర్చుని ఆవర్జా రాసే మనుషుల మీద నడిచాయి. ఆ చేతులకు ముట్టినది సంఘంలో ఎంతమందిని చేర్చారన్న దాన్నిబట్టి కాదు. ఆడిటర్ వచ్చిన రోజున జమ, ఖర్చు సరిపోయాయా లేదా అన్నదే వాళ్ల పరీక్ష.

ఇక్కడ వరాహగిరి వెంకటగిరి కథ చెప్పుకోవాలి. ఖరగ్‌పూర్‌ను ఎకనామిక్స్‌తో ముడివేసిన తెలుగువాడు ఆయనే. బరంపురంలో పుట్టి, డబ్లిన్‌లో లా చదివి వచ్చి, బీఎన్నార్ కార్మికుల సంఘంలో పనిచేసిన మనిషి. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు రెండుసార్లు నిలిచిపోయింది, ఏడాది మొదట్లో సమ్మెతో, మళ్ళీ సెప్టెంబరులో ఉద్యోగాల కోత మీద. జీతం ఆగిన నెలల్లో కార్మికుడి ఇల్లు అప్పు మీద నడుస్తుంది, అందువల్ల సమ్మె ఎన్నాళ్లు నిలుస్తుందన్నది చివరికి వడ్డీ లెక్క కూడా అవుతుంది. కార్మిక నాయకుడు అర్థశాస్త్రం నేర్చుకోక తప్పని చోటు అది. 1954లో కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్న గిరి, బ్యాంకు ఉద్యోగుల జీతాలపై అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన నిర్ణయాన్ని సొంత ప్రభుత్వమే మార్చిందని పదవి వదులుకున్నారు. 1957లో భారత లేబర్ ఎకనామిక్స్ సొసైటీ ఏర్పాటుకు ముందు నిలిచారు. 1969 జూలై 19న తాత్కాలిక రాష్ట్రపతిగా 14 బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి, మర్నాడు పదవికి రాజీనామా చేశారు. సంతకం పెట్టడం పదవి విధి, విధానం ప్రభుత్వానిది. అది ఒప్పుకుంటూనే అంటున్నాను: జీతాల వరస దగ్గర మొదలైన ఒక చదువు బ్యాంకు గుమస్తా జీతం దాకా, బ్యాంకు ఎవరిదన్న ప్రశ్న దాకా సాగడం ఊరికే జరిగింది కాదు. అప్పు, జీతం, బ్యాంకు అనే మూడింటినీ కార్మికుడి వైపు నుంచి చూడటం ఆయనకు ఖరగ్‌పూర్ లాంటి చోట్ల అబ్బింది. ఎకనామిక్స్ చదివే పిల్లలకు కీన్స్‌తో పాటు ఈ కథనూ చెప్పాలి.

రాతకూలి నుంచి కమీషనుకు మార్పు ఎక్కడ మొదలైందంటే నా వేలు 1956, 1957 మీద పడుతుంది. ఖరగ్‌పూర్ లాంటి ఊళ్లో డబ్బుకు నెలజీతం కాక ఇంకో తేదీ కూడా ఉంది, రిటైరయ్యే రోజు. 1957లో రైల్వేలో పింఛను పథకం వచ్చేదాకా కార్మికుడికి దక్కేది ప్రావిడెంట్ ఫండు, దాంతో పాటు కలిపి ఇచ్చే మొత్తం. అంతే. ముప్ఫై ఏళ్లు నెలజీతం తప్ప ఎరగని ఇంట్లోకి ఒక్కసారిగా పెద్ద మొత్తం వస్తుంది, ఆ తర్వాత ఇంకేమీ రాదు. పైగా క్వార్టరు ఖాళీ చేయాలి, ఊరికి తిరిగి వెళ్లాలి లేదా రైల్వే హద్దుకు బయట ఒక గూడు కట్టుకోవాలి. ఇలాంటి సొమ్ము ఎక్కడుందో అమ్మేవాడికి బాగా తెలుసు. 1956లో 245 బీమా సంస్థలను కలిపి ప్రభుత్వం జీవిత బీమా సంస్థను ఏర్పాటు చేసింది. దాని విస్తరణ అంతా ఏజెంట్ల భుజాల మీద జరిగింది. ఏజెంటు అంటే టీచరు, చిన్న దుకాణదారు, డిగ్రీ చదివే కుర్రాడు. బీమా వల్ల ఎన్ని ఇళ్లు నిలబడ్డాయో నేను కాదనను, కుటుంబ పెద్ద పోయిన ఇంట్లో ఆ కాగితం విలువ ఎరిగినవాళ్లు ఎవరూ కాదనరు. నేను చూస్తున్నది చెల్లింపు తీరు. చట్టం అప్పట్లో పెట్టిన పరిమితి ప్రకారం మొదటి ఏడాది ప్రీమియంలో నూటికి 35 దాకా ఏజెంటుకు ఇవ్వడానికి వీలుండేది, తర్వాతి రెండేళ్లు ఏడున్నర, ఆపైన 5. అంటే అమ్మిన రోజు పెద్ద ముద్ద, నిలబెట్టినందుకు గింజలు. మొదటి ఏడాది అయ్యాక పాలసీ ఆగిపోతే పాలసీదారుడికి గట్టి నష్టం, ఏజెంటుకు స్వల్ప నష్టం.

ప్రభుత్వ సంస్థలో ఈ తీరు పద్ధతి ప్రకారం నడిస్తే, ప్రైవేటులో హద్దు దాటింది. 1932లో ఢాకా పక్కన నారాయణ్‌గంజ్‌లో పుట్టి కలకత్తాలో పెరిగిన పీర్‌లెస్ సంస్థ బెంగాల్ ఊరూరా ఏజెంట్లను పెట్టి చిన్న మొత్తాలు వసూలు చేసింది. ఆ పథకం మీద కేసు 1987లో సుప్రీంకోర్టులో తేలింది. తీర్పు రాసినది తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. అది నిషేధిత ప్రైజ్ చిట్ కిందికి రాదని తేలుస్తూనే, ఇలాంటి వసూళ్ల మీద అదుపు ఉండాలని ఆయన చెప్పారు. మొదటి ఏడాది చందాలో పెద్ద భాగం కమీషన్లకు, ఖర్చులకు పోవడం, మధ్యలో కట్టలేక ఆగిపోయినవాడి సొమ్ము దక్కకపోవడం ఆ కేసుల్లో బయటపడ్డ సంగతులు. డిపాజిటు పైసా పైసా అప్పుగా చూపి భద్రంగా పెట్టాలన్న రిజర్వ్ బ్యాంకు ఆదేశాన్ని 1992లో సుప్రీంకోర్టు సమర్థించింది. కలకత్తాలో 1975లో ఏడు వేల రూపాయల పెట్టుబడితో మొదలైన సంచయితా సంస్థ కాగితం మీద నూటికి 12 రాసి చేతికి 48 దాకా ఇచ్చి, 1980 డిసెంబరు దాడులతో కూలింది. 2013లో బెంగాల్లోనే శారదా గ్రూపు కూలింది. అటు బెజవాడలో అగ్రిగోల్డ్ సంస్థదీ అదే దారి. ప్రతిసారీ వీధిలో జనానికి దొరికింది డైరెక్టరు కాదు, పక్కింటి ఏజెంటు. తెలిసినవాళ్ల దగ్గరే అమ్మి, తెలిసినవాళ్ల ముందే దోషిగా నిలబడ్డ ఆ మనుషుల్లో చదువుకుంటున్నవాళ్లూ ఉన్నారు. నాకు వాళ్ల మీద కోపం లేదు, బాధ ఉంది. వాళ్ల చేతికి ఇచ్చిన పని వాళ్లు చదువుతున్న శాస్త్రానికి ఎదురు నడిచే పని.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. కమీషను లేకపోతే పేదవాడి గుమ్మం దాకా బ్యాంకును మోసుకెళ్లేది ఎవరు? మాట నిజం. 1928లో టి.ఎం.ఎ. పాయ్ ఉడుపి ప్రాంతంలో మొదలుపెట్టిన పిగ్మీ డిపాజిట్ ఆ నిజానికి సాక్ష్యం. రోజుకు రెండణాలు కూడా ఇంటికొచ్చి తీసుకెళ్లే మనిషి ఉండబట్టే సాలెవాడు, చేపలమ్మే ఆమె పొదుపు చేయగలిగారు. ఆ మనిషికి ముట్టింది కమీషనే. అయితే అది తెచ్చిన ప్రతి రూపాయి మీదా ఒకే తీరున ముట్టే కమీషను. రేపు మళ్లీ అదే గుమ్మం తొక్కాలి, రేపు వాళ్లు ఇస్తేనే రేపు తనకు కూలి. అందువల్ల అతని లాభం, డబ్బు దాచుకునేవాడి లాభం ఒక దారిన నడిచాయి. కమీషను అన్న మాటలో తప్పు లేదు, అది ఎప్పుడు, దేని మీద ముడుతుందన్న దాంట్లో ఉంది. ఈ వసూలుదారులు ఎవరన్న ప్రశ్నకు జవాబు కూడా మన హైదరాబాద్‌లోనే మొదలైంది. బ్యాంకు డిపాజిట్ కలెక్టర్ల వివాదాన్ని 1980లో ప్రభుత్వం హైదరాబాద్ ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది. వీళ్లు మా ఉద్యోగులు కారు, వేరే పనులు చేసుకుంటూ తీరిక వేళల్లో ఇది చేస్తారు, వీళ్లతో మాకున్నది ఒప్పందమే అన్నది బ్యాంకుల వాదన. 1988లో ట్రిబ్యునల్ ఆ వాదన ఒప్పుకోలేదు. 2001లో సుప్రీంకోర్టు కూడా వాళ్లు కార్మికులేనంది. బ్యాంకులో మామూలు ఉద్యోగులతో సమానం కాకపోయినా, వాళ్లకు ముట్టే కమీషను వేతనమేనంది. నెలకు 7,500 రూపాయల వసూలుకు 750 రూపాయల కనీస వేతనం, ఆపైన తెచ్చినదానికి నూటికి రెండు అన్న ఏర్పాటు నిలిచింది. తీరిక వేళ చేసినా పని పనే అని కోర్టు ఒప్పుకున్న సందర్భం అది. మొత్తం చిన్నది. అయినా ఎవరినీ చేర్పించకపోయినా, ఉన్నవాళ్ల దగ్గర శ్రద్ధగా వసూలు చేసినందుకు ఒక కనీసం దక్కుతుందన్న సూత్రం అందులో ఉంది. రాతకూలి ఆత్మ కొంత తిరిగొచ్చిందని నేను ఆ తీర్పును చదువుకుంటాను.

ఇంకో మాటా అంటారు. ఇలాంటి చిల్లర పనిలో ఎకనామిక్స్ ఏముంది, నాలుగు రూపాయలు పాకెట్ మనీ తప్ప, అని. దీనికి జవాబు ఒక లెక్కతో చెబుతాను. తెలుగునాట ఫైనాన్స్ అంటేనే డైలీ వసూలు అప్పు అన్న అర్థం స్థిరపడింది. తోపుడు బండివాడు పదివేలు అడుగుతాడు. చేతికి ఎనిమిదివేల అయిదువందలు ఇస్తారు, రోజుకు నూరు చొప్పున నూరు రోజులు కట్టాలి. చూస్తే పదివేలకు పదిహేను వందల వడ్డీ, నూటికి పదిహేనేగా అనిపిస్తుంది. కానీ కట్టడం మర్నాటినుంచే మొదలైంది, కాబట్టి నూరు రోజుల మీద అతని దగ్గర సగటున నిలిచింది నాలుగువేల పైచిలుకు మాత్రమే. దాని మీద పదిహేను వందలంటే నూరు రోజులకు నూటికి 35, నెలకు నూటికి పది రూపాయల పైన, ఏడాదికి దాదాపు నూట ముప్ఫై. 1931 కమిషన్‌ను కలవరపెట్టిన అణా వడ్డీ దీని ముందు తక్కువే. క్లాసులో ప్రస్తుత విలువ, వడ్డీ రేటు పాఠం విన్న పిల్లవాడు సాయంత్రం ఈ రోజువారీ వసూలు కార్డు చేతిలోకి తీసుకున్నప్పుడే ఆ పాఠం ప్రాణం పోసుకుంటుంది. చిక్కేమిటంటే, ఆ కార్డు పట్టుకుని వసూలుకు వెళ్లడానికే అతనికి డబ్బు ఇస్తున్నారు. బండివాడికి ఈ లెక్క విప్పి చెప్పిన రోజున అతని పని పోతుంది. అదే కుర్రాడు సహకార సంఘంలోనో, మహిళా పొదుపు సంఘంలోనో పుస్తకం రాస్తుంటే లెక్క విప్పి చెప్పడమే అతని పని. తెలివి ఒకటే, క్లాసు పాఠం ఒకటే. ఎకనామిక్స్ విద్యార్థికి పార్ట్‌టైమ్ పని చదువులో భాగమవుతుందా, చదువు నోరు మూయిస్తుందా అన్నది ఆ కూలి ఇచ్చే తీరులో తేలుతుంది. ఊరి అవసరాన్ని బట్టి ఎవరో ఒకరు ఆ పని చేయక తప్పదు కాబట్టి, మానేయమని చెప్పడం నాకు సబబుగా తోచదు.

కూలి తీరును మార్చడం అసాధ్యమేమీ కాదని ఈ మధ్యే తేలింది. మ్యూచువల్ ఫండ్లలో అమ్మిన రోజే ఇచ్చే ముందస్తు కమీషన్లను సెబీ 2018లో ఆపించింది. మదుపు నిలిచి ఉన్నంతకాలం ఏటా కొంచెం కొంచెంగా ఇచ్చే పద్ధతే ముఖ్యంగా మిగిలింది. పిగ్మీ వసూలుదారుడి గుమ్మం నియమం పెద్ద మార్కెట్‌లోకి వచ్చినట్టయింది. ఖరగ్‌పూర్‌కు ఇది సమయానికి వచ్చిందా అన్నది ముందుముందు తేలాలి. 2004 జనవరి 1 నుంచి రైల్వేలో చేరినవాళ్లు పాత పింఛనులోకి రాలేదు, కొత్త పింఛను పద్ధతిలోకి వెళ్లారు. అందులో ఉండిపోయినవాడికి రిటైరైన నాడు పోగైన నిధిలో నూటికి 60 దాకా ఒకేసారి చేతికొస్తుంది. 1957కు ముందు తాతలకు వచ్చినట్టే ఇంట్లోకి మళ్లీ పెద్ద మొత్తం వస్తుంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో అప్పుడు చేరినవాళ్లు 2040 ప్రాంతంలో వరసగా క్వార్టర్లు ఖాళీ చేస్తారు. వాళ్లలో కొందరు మలంచాలో ఇల్లు కట్టుకుంటారు. ఆ సాయంత్రం వాళ్ల ఎదురుగా కూర్చుని, ఈ సొమ్ము ఎక్కడ పెట్టాలో చెప్పబోయే డిగ్రీ విద్యార్థిని ఇప్పుడు ఆ వీధుల్లోనే ఎక్కాలు వల్లిస్తూ ఉంటుంది.